యాభై దండలు

కిరీటి మా యువజన నాయకుడు. ఢిల్లీ ద్వారకలోని మా తెలుగు సంఘంలో నలభై దాటనివాళ్ళంతా యువతే. యువజన అధ్యక్షుడికి ఆ పట్టింపు కూడా లేదు. కిరీటిది తణుకు, ఉద్యోగం గురుగ్రామ్‌లో. తనకంటే చిన్నవాడు మేనేజరయ్యాక ఆఫీసులో ఆయన్ని ఎవరూ ఏ సలహా అడగడం లేదు. ఇక్కడ మాత్రం "అధ్యక్షా!" అని పిలుస్తారు. ఆ పిలుపు కోసం సోమవారం నుంచి ఆదివారం దాకా ఎలాగోలా బతికేవాడు.

పోయినేడాది ఆయనకు ఆరోగ్యం పట్టుకుంది. తన ఆరోగ్యం కాదు, మా అందరిదీ. రోజూ పొద్దున ఐదింటికి గ్రూపులో "యువతా, మేలుకో!" అని మెసేజ్ పెట్టి మళ్ళీ పడుకునేవాడు. ఈ సంగతి ఆయన భార్య వైశాలిగారే చెప్పింది. "నాయకుడంటే నడిచి చూపించేవాడు" అని ఉపన్యాసం ఇవ్వడానికి రోడ్డవతల ఉన్న పార్కుకి కార్లో వచ్చేవాడు. చేతికి ఖరీదైన గడియారం ఒకటి. చేతులూపుతూ మాట్లాడితే అది నడకగా లెక్కేసుకునేది. ఆ లెక్కన ఒక్కో ఉపన్యాసంలో ఆయన ఇండియా గేటు దాకా వెళ్ళొచ్చేవాడు. వ్యాయామ కమిటీ మీటింగులు కచోరీలతో మొదలై జిలేబీలతో ముగిసేవి.

ఈ ఫిబ్రవరిలో సంఘం ఆరోగ్య ఉత్సవం పెట్టింది. ఆ రోజుతో కిరీటి పదవీకాలం తీరిపోతుంది. తర్వాతి అధ్యక్షుడెవరో ఆ వేదిక మీదే చెబుతానని సంఘం పెద్ద సదాశివరావుగారు అన్నారు. అప్పటికే కొందరి నోట హారిక పేరు వినబడుతోంది. హారిక కంటోన్మెంట్‌లో ఉండే సుబేదారుగారి అమ్మాయి. రోజూ నిజంగానే పరిగెడుతుంది, అదీ ఎవరికీ చెప్పకుండా. అలాంటి మనుషులంటే నాయకులకు భయం.

ఆ అమ్మాయి వెలుగు తగ్గాలంటే తన పక్కన ఒక ఘనమైన అతిథి నిలబడాలని కిరీటి లెక్క. మా సెక్టారు వెనక పల్లెలో కుస్తీ నేర్పే ధరంబీర్ పహిల్వాన్‌కి కిరీటి స్వయంగా ఫోన్ చేశాడు. ఎన్నేళ్ళు ఢిల్లీలో ఉన్నా ఆయన హిందీ కూరగాయల బండి దాటి ముందుకు పోలేదు. ఆ సంగతి ఆయన ఒప్పుకోడు.

పహిల్వాన్ ఒక్క షరతు మీద వస్తానన్నాడు. "ప్రధాన్ జీ, ఆప్‌కో పచాస్ దండ్ లగానే పడేంగే. స్టేజ్ పే, సబ్‌కే సామ్నే."

కిరీటి మాటా మాటా విడదీసుకున్నాడు. ప్రధాన్ అంటే అధ్యక్షుడు. ఆప్‌కో అంటే మీకు. పచాస్ అంటే యాభై. లగానా అంటే వెయ్యడం, అదీ వేదిక మీద అందరి ముందూ. ఇక దండ్ అంటే మన దండే కదా, పాపం చివర నోరు తిరగలేదు!

ఈ పల్లెల్లో దండ్ అంటే అరచేతులు నేలకానించి ఒళ్ళంతా దించి లేపే కసరత్తు. జిమ్ముల్లో పుషప్ అంటారే, అది. మెళ్ళో వేసే పూలదండని వీళ్ళు మాలా అంటారు. ఇదంతా మాకు తర్వాత తెలిసింది.

"ఇత్నా క్యోం జీ? దస్ కాఫీ హై," అంటూ, అన్నెందుకు పది చాలని కిరీటి సిగ్గుపడ్డాడు.

"అరే, దస్ తో బచ్చే లగా లేతే హైం!" అని పహిల్వాన్ నవ్వాడు. పదైతే పిల్లలే చేసేస్తారని ఆయన భావం.

కిరీటి ఈ సంభాషణంతా మాకు అభినయించి చూపించాడు. "పదేమో పిల్లల చేత వేయిస్తారంటండీ. మిగతావి పెద్దలు. వద్దు మహాప్రభో అంటుంటే వినడే!"

"బతికున్న మనిషికి యాభై ఎవరేస్తారండీ?" అంది వైశాలిగారు.

"ఇంట్లో ఉంటే నా విలువ నీకేం తెలుస్తుందే? వేదిక మీద చూడు."

యాభై బంతిపూల దండల బరువు మెడ ఓర్చుకోవాలి కదా. ఆ వారమంతా మెసేజ్ పెట్టాక పడుకోకుండా బాల్కనీలో నిలబడి మెడని అటూ ఇటూ తిప్పాడు, కిందికీ పైకీ వంచాడు. నాకు తెలిసినంతలో ఆయన చేసిన మొదటి వ్యాయామం అదే.

ఉత్సవం నాడు పట్టు కుర్తా వేసుకొచ్చాడు. అతిథిగా వచ్చిన పహిల్వాన్‌కి సదాశివరావుగారు పూలదండ వేసి వేదిక ఎక్కించారు. అక్కడ ఒక చాప పరిచి ఉంది. ముందు పిల్లలొచ్చి దాని మీద పదేసి పుషప్పులు చేసి వెళ్ళారు. వాళ్ళు ఖాళీ చేతులతో రావడం చూసి కిరీటి నా వైపు వంగి, "పూలవాడు ఇంకా రాలేదేంటయ్యా?" అని గుసగుసలాడాడు.

పహిల్వాన్ మైకు అందుకున్నాడు. "అబ్ ప్రధాన్ జీ!"

కిరీటి చాప మీదికి వచ్చి చేతులు జోడించి, వారమంతా సాధన చేసిన మెడని వంచాడు.

"ఔర్ నీచే," అన్నాడు పహిల్వాన్. ఇక్కడి మర్యాద కాబోలనుకుని కిరీటి నడుం వంచాడు. "ఔర్ నీచే." మోకాళ్ళ మీదికి వచ్చాడు. పహిల్వాన్ అరచెయ్యి వీపు మీద పడింది. ఆ చెయ్యి పడ్డాక ఎవరైనా కిందికే వెళ్తారు.

"దండ కిధర్ హై జీ?" అని చాప మీంచి అడిగాడు కిరీటి.

"యహీం తో హై, జమీన్ పే! ఏక్!" ఇక్కడే, నేల మీదే ఉందంటూ పహిల్వాన్ లెక్క మొదలుపెట్టాడు.

ముందు వరసలోంచి హారిక నవ్వాపుకుంటూ అరిచింది. "అంకుల్, దండంటే పూలది కాదండీ. యాభై పుషప్పులు చెయ్యమంటున్నారు!"

యువజన నాయకుణ్ణి అంకుల్ అనడం మొదటి దెబ్బ. అప్పుడైనా లేచి, పొరబడ్డానని నవ్వేసి ఉంటే మేమూ నవ్వేసి ఇళ్ళకు పోయేవాళ్ళం. కానీ సదాశివరావుగారు చూస్తున్నారు. పదవి పోతే ఈ మహానగరంలో కిరీటిని పిలిచే గొంతు ఇంకొకటి లేదు. కిరీటి అరచేతులానించి ఒళ్ళు లేపాడు.

ఒకటి ఎలాగో అయింది. రెండోదానికి కుర్తా చంకలో చిరిగింది. మూడోసారి నడుం ముందు లేచింది, మిగతా మనిషి తర్వాత వచ్చాడు. ఆయన ఏడేళ్ళ కూతురు శరణ్య గట్టిగా లెక్కపెడుతోంది. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి హిందీయే వస్తుంది.

"చార్... పాపా, చార్ అభీ ఆధా హీ హువా హై!"

ఆ నాలుగోదాని సగం దగ్గరే ఆయన బోర్లా పడిపోయాడు. మిగిలినవి ఎవరు చేస్తారని పహిల్వాన్ అడిగితే హారిక చెప్పులు విడిచి, వేదికెక్కి, కిరీటి పక్కనే పూర్తి చేసింది. లేచి మంచినీళ్ళు అడిగింది, అంతే.

"ఆ అమ్మాయికే ఇవ్వండి!" అని జనం కేకలేశారు. సదాశివరావుగారు మైకులో అడిగారు. "ఏమ్మా, యువజన విభాగం నువ్వు చూసుకుంటావా?"

"ఏం చెయ్యాలండీ?"

"పెద్దగా ఏం లేదమ్మా. పొద్దున ఐదింటికి గ్రూపులో మెసేజ్ పెట్టాలి. ఆదివారం ఉపన్యాసం, వచ్చినవాళ్ళకి శాలువాలు, ఫొటోలు."

"ఐదింటికి నేను పరుగులో ఉంటానండీ. ఆదివారమైతే ఇంకా దూరం వెళ్తాను. నాకు కుదరదు."

సదాశివరావుగారు తెల్లబోయారు. వ్యాయామం చేసేవాళ్ళకి వ్యాయామానికి నాయకత్వం వహించే తీరిక ఉండదని ఆయనకు అంతవరకూ తట్టలేదు. ఇంకెవరైనా ఉన్నారా అని అడిగారు. ఎవరూ చెయ్యెత్తలేదు. ఎత్తితే పహిల్వాన్ చూస్తాడు.

"నేను సిద్ధమేనండీ," అని చాప మీంచి ఒక గొంతు వచ్చింది.

అలా మా నాయకుడు బోర్లా పడుకునే మరో రెండేళ్ళకి అధ్యక్షుడయ్యాడు. ఆ పూటకి సంఘం కొన్న పూలదండ ఒక్కటే. పహిల్వాన్ దాన్ని తన మెడలోంచి తీసి, వంగి, కిరీటి తల కాస్త ఎత్తి వేశాడు.

మర్నాడు ఐదింటికి మెసేజ్ రాలేదు. ఏడింటికి వచ్చింది.

"యువతా, మేలుకో! ఇది టైపు చేసింది వైశాలి. ఆయనకి చేతులు లేవడం లేదు."