క్వైట్ రూములో నా కన్నీటి ప్రార్థన

ఓడ మునిగినవాడు తుఫానునైనా తిట్టుకోవచ్చు. నేను మునిగింది రెండు చెంచాల ఆవకాయలో. అది కూడా ఏకాంతంగా మునగలేదు. కట్టుకున్న భార్య, నలభై మంది విశ్వాసులు (నా కళ్ళకు ఆ రోజు నాలుగు వేలు) చూస్తుండగా, నా పరువు తీసే ప్రతి వాక్యాన్నీ నేనే మైకు పట్టుకుని, ఒత్తులు పోకుండా, తెలుగులోకి తర్జుమా చేసుకుంటూ మునిగాను. నవ్వదలచినవారు కుర్చీ సర్దుకోండి.

లండన్‌లో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది. నాకు వాట్‌ఫర్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పేరు దైవసహాయం. ఆఫీసువాళ్ళు సహాయం తీసేసి, దైవాన్ని కూడా చెక్కి, 'డేవ్' చేశారు. ఆదివారం ఇంగ్లీషువాళ్ళ ఆరాధన అయిపోయాక అదే చర్చి హాల్లో మా తెలుగు సహవాసం కూడుకునేది. ఆ సహవాసానికి పెద్ద అబ్రహాం అంకుల్.

ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల శ్రమకాలం ఇంకా మొదలవని ఆదివారం అంకుల్ అడిగారు. "నలభై రోజులూ సాయంత్రం ఆరు దాకా ఉపవాసం ఉండేవాళ్ళు చెయ్యెత్తండి."

మా ఆవిడ కరుణ ఎత్తింది. వృద్ధాశ్రమంలో పొద్దున్నే ఆరింటి షిఫ్టుకు వెళ్ళి, ముసలివాళ్ళను లేపి కూర్చోబెట్టే మనిషి. ఆవిడ ఎత్తాక కుర్చీలో కూర్చుని మీటలు నొక్కే నేను ఎత్తకపోతే ఎలా? ఎత్తాను.

"ఏమండీ, మీ వల్ల కాదు. దించండి," అంది చెవిలో.

ఆ మాటకు రెండో చెయ్యి కూడా ఎత్తాను.

బుధవారం మా మేనేజరు లిండా డోనట్లు తెచ్చింది. "వద్దు లిండా, నలభై రోజుల ఉపవాసం," అని కిటికీలోంచి దూరంగా చూశాను. అక్కడ కార్ పార్కు తప్ప ఏమీ లేదు. అయినా పరలోకం కనబడుతున్నట్టే చూశాను. సాయంత్రానికి లిండా అందరికీ ఈమెయిలు కొట్టింది: డేవ్ మీది గౌరవంతో ఇకపై ఎవరూ డెస్కు దగ్గర తినవద్దు. పదకొండు మంది ఇంగ్లీషువాళ్ళు ఆ రోజు నుంచి చిప్స్ ప్యాకెట్ చప్పుడైనా వినిపించనివ్వలేదు. ఎక్కడ తింటున్నారో తెలియదు. నేను అడగలేదు.

రెండున్నర రోజులు నిజంగానే ఉన్నాను. ఆ తర్వాత కీబోర్డు మీద అక్షరాలన్నీ మినప వడల్లా పొంగడం మొదలైంది. ఉపవాసం గుట్టుగా చెయ్యాలని మాకు సండే స్కూల్లోనే నేర్పారు. నేను అందులో చిన్న సవరణ చేశాను. ఉపవాసం బహిరంగం, భోజనం గుట్టు.

కరుణ షిఫ్టుకు వెళ్ళగానే రాత్రి మిగిలిన అన్నంలో ఆవకాయ కలిపి డబ్బాలో పెట్టుకునేవాణ్ణి. ఆఫీసులో ఏ మతంవారైనా ప్రార్థన చేసుకోవడానికి క్వైట్ రూమ్ అని ఒకటుంది. రెండు కుర్చీలు, టిష్యూల పెట్టె, ప్లాస్టిక్ మొక్క. గడియ లేదు. అందుకే తలుపు వైపు వీపు పెట్టి మోకరించి, డబ్బాను కుర్చీలో పెట్టి, పైన కోటు కప్పి, దాని కిందికి తల దూర్చి తినేవాణ్ణి. వెనక నుంచి చూస్తే అచ్చం ప్రార్థనే.

రెండో వారం, జోరు వాన. పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాను. తలుపు కిర్రుమంది.

ఊపిరి బిగపట్టాను. ఆవపిండి బిగపట్టలేదు. సరాసరి ముక్కులోకి ఎక్కింది. దగ్గితే దొరికిపోతాను, మింగితే చచ్చిపోతాను. భుజాలు కదిలిపోతున్నాయి, కళ్ళు కాలువలు. ఒక నిమిషం. రెండు. వెనక ఎవరో నిట్టూర్చారు. తలుపు మెల్లగా మూసుకుంది.

మర్నాడు పక్క డెస్కు అలన్ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. యాభై దాటిన మనిషి, పెద్దగా మాట్లాడడు.

"నిన్న నిన్ను చూశాను, డేవ్."

నా గుండె లిఫ్టు తాడు తెగినట్టు జారింది. "ఎక్కడ?"

"క్వైట్ రూములో. మధ్యలో వచ్చినందుకు సారీ." కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "మా అమ్మ పోయాక నేను చర్చి గడప తొక్కలేదు. తొమ్మిదేళ్ళు. రాత్రి మొదటిసారి ప్రార్థన చేశాను. ఇవాళ్టి నుంచి నేనూ ఉపవాసమే."

అప్పుడే చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా. వచ్చిన మాట: "గుడ్, అలన్."

సిగ్గుతో తినడం మానేశాను. ఒక రోజు.

వారం తిరిగేసరికి అలన్ ముఖం సగమైంది, కళ్ళు మాత్రం వెలుగుతున్నాయి. "ఆదివారం మీ చర్చికి రావచ్చా?" అన్నాడు.

"అంతా తెలుగే. నీకు విసుగు."

"పర్లేదు. వాళ్ళతో ఒక మాట చెప్పాలి."

ఇక్కడ మా సహవాసపు ఆనవాయితీ ఒకటి చెప్పాలి. ఇంగ్లీషులో ఎవరు మాట్లాడినా పక్కన నిలబడి వాక్యం వాక్యం తెలుగులో చెప్పాలి. హాల్లో ఇంగ్లీషు రానిది అంకుల్ వాళ్ళమ్మకు, అంటే మామ్మగారికి, ఒక్కరికే. అయినా తర్జుమా తప్పదు. ఆ తర్జుమాదారు, మీరు ఊహించినట్టే, నేనే. ఒక్క మాట మార్చినా మిగతావాళ్ళు పట్టేస్తారు.

ఆదివారం అలన్ మొదలుపెట్టాడు. నేను అందుకున్నాను.

"డేవ్ మీది గౌరవంతో మేమంతా దాక్కుని తినేవాళ్ళం. నేను కార్లో తినేవాణ్ణి." చెప్పాను.

"ఆ రోజు వాన. శాండ్‌విచ్ పట్టుకుని, తినడానికి క్వైట్ రూముకు వెళ్ళాను." చెప్పాను.

"డేవ్ మోకాళ్ళ మీద ఏడుస్తున్నాడు. అలా ఏడ్చి ప్రార్థించిన మనిషిని నేను చూడలేదు."

"స్తోత్రం!" అంది హాలు.

"గదిలో ఏదో ధూపం వాసన కూడా ఉంది. అందులో కొంచెం వెల్లుల్లి కలిసినట్టుంది."

విధిలేక చెప్పాను. రెండో వరసలో కరుణ తల మెల్లగా పైకి లేచింది. ఇంట్లో ఆవకాయ జాడీ మట్టం ఎందుకు దిగుతోందో ఆవిడకు ఆ క్షణాన తెలిసిపోయింది.

"ఆ శాండ్‌విచ్ చెత్తబుట్టలో పడేశాను. ఈ మనిషి వల్లే మళ్ళీ దేవుని దగ్గరికి వచ్చాను."

మైకు దించాను. ఉన్నదున్నట్టు చెబితే అబద్ధం. నిజం చెబితే తొమ్మిదేళ్ళకు గడప తొక్కిన మనిషి ఇప్పుడే వెనక్కి పోతాడు.

"ఏమన్నాడయ్యా దొర?" అన్నారు మామ్మగారు.

"మామ్మగారూ... నేను ప్రార్థన చెయ్యలేదు. ఆవకాయన్నం తింటున్నాను. కారం ముక్కుకెక్కింది."

అలన్ నా వైపు తిరిగాడు. "నా మాట కంటే నీది పొడుగ్గా ఉంది. ఏం చెప్పావు?"

ఇంగ్లీషులో చెప్పాను. కోటుతో సహా. అలన్ ముఖం తెల్లబడి, ఎర్రబడి, ఆగింది.

"అది బేకన్ శాండ్‌విచ్, డేవ్," అన్నాడు చివరికి. "వేడిది."

"సారీ, అలన్."

"అయితే నేను చేసిన ప్రార్థనంతా ఒక పచ్చడి వల్లా?"

అబ్రహాం అంకుల్ లేచారు. "దైవసహాయం, ఆయనతో చెప్పవయ్యా. బైబిల్లో దేవుడు ఒకసారి గాడిద చేత కూడా మాట్లాడించాడు. విన్నవాడి కళ్ళు తెరుచుకున్నాయి. గాడిద గాడిదగానే ఉంది. ఇది రెండోసారి."

మైకు నా చేతిలోనే ఉంది. మామ్మగారికి ముందే అర్థమై నవ్వుతున్నారు. కరుణ చేతులు కట్టుకుని, ఒక్క మాట వదిలినా ఊరుకోనన్నట్టు చూస్తోంది. గాడిద ఎవరో అనుమానం రాకుండా నన్ను నేను వేలితో చూపించుకుంటూ, మొత్తం తర్జుమా చేశాను.

అలన్ పడీ పడీ నవ్వాడు. కళ్ళు తుడుచుకుని, "వచ్చే ఆదివారం కూడా ఇతనే తర్జుమా చేస్తాడా?" అని అడిగాడు.

వచ్చాడు. ఆ మరుసటి వారమూ వచ్చాడు. నలభై రోజుల ఉపవాసమూ ముగించాడు. ఈస్టరు విందులో మా ఆవిడ మొదటి ఆవకాయ ముద్ద అతనికే పెట్టింది. అతనికీ కళ్ళ వెంట కాలువలే.

కాబట్టి, చదువరులారా, ఖాళీ జాడీ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట అంకుల్ ఎప్పుడు చేతులెత్తమన్నా ముందు మా ఆవిడ వైపు చూస్తాను. అన్నం తినేటప్పుడు మోకాళ్ళ మీద ఉండను. మోకాళ్ళ మీద ఉన్నప్పుడు అన్నం తినను.