మసిపట్టిన ఇంజను

మొన్న అమ్మ అటక మీంచి తాత చేసిన బుల్లి ఆవిరి ఇంజను దించింది. జీడితొక్కలు కాలిన వాసన దాన్నింకా వదల్లేదు.

"ఎంత మసో సూడు. చింతపండెట్టి తోమీమంటావేటి?" అంది. వద్దన్నాను.

పలాస మీదుగా బొగ్గు ఇంజన్లు తిరిగిన రోజుల్లో తాత వాటి పొయ్యిలో బొగ్గు వేసే ఫైర్‌మన్. రిటైరయ్యాక పెరటి పాకలో రెండేళ్లు కూర్చుని, ఇత్తడి చెంబుని బాయిలరుగా, సైకిలు పంపుని సిలిండరుగా మలిచాడు. పూర్తయిన రోజు చింతపండుతో తోమితే అది బంగారంలా మెరిసింది. కింద స్పిరిటు దీపం పెట్టగానే చక్రం మెత్తగా, నిద్రలో ఊపిరి తీసుకుంటున్నట్టు తిరిగింది. తాత మాత్రం నవ్వలేదు.

ఆయన చెప్పే కథల్లో ప్రతి ఇంజనూ నల్లగా పొగ వదిలేది. దీనికి పొగ లేదు కాబట్టి ఇంకా ప్రాణం రాలేదనుకున్నాను. ఆయన మంచినీళ్లకు లేవగానే, నాన్నమ్మ పొయ్యిలోకి దాచిన జీడితొక్కలు గుప్పెడు తెచ్చి దీపం చుట్టూ పోశాను. అవి అంటుకుని పాకంతా నల్లటి పొగ కమ్మింది. బంగారం నల్లబడిపోయింది.

"ఏటి సేసినావే?" అంటూ వచ్చిన తాత గుమ్మంలోనే ఆగిపోయాడు. నేను దెబ్బకి సిద్ధపడి కళ్లు మూసుకున్నాను. ఆయన వచ్చి నా పక్కన కూర్చుని, ఆ పొగని గుండెనిండా పీల్చాడు.

"ఇప్పుడు ఇంజనయినాది," అన్నాడు.

బతికినన్నాళ్లూ ఆయన దాన్ని మళ్లీ తోమలేదు.