సాలూరు కొండల మీద లేని మబ్బు

మొన్న పొద్దున్న కాఫీ తాగుతుంటే, ఒకప్పుడు మా పరిశోధనశాలలో నాకు జూనియరుగా ఉన్న అమ్మాయి ఫోన్ చేసి, మన గైడు గారికి విశాఖలో సన్మానం చేస్తున్నామక్కా, ప్రత్యేక సంచికకు ఆయన గురించి రెండు మంచి మాటలు రాసివ్వు అంది. సన్మానమట! నోట్లో కాఫీ చేదైపోయింది. రాయనని చెప్పబోయి, ఇంత మంచి అవకాశం మళ్లీ దొరకదని తోచి, తప్పకుండా రాస్తానమ్మా అన్నాను. చల్లకొచ్చి ముంత దాచడమెందుకు, ఆయన మీద నాకున్నది కక్షే, ముప్పయ్యేళ్లకు పైగా మాగాయలా జాడీలో పదిలంగా దాచుకున్న కక్ష.

నేను సాలూరు లారీ డ్రైవరు కూతుర్ని. వేసవి సెలవుల్లో నాన్న పక్కన కేబిన్లో కూర్చుని ఘాట్ రోడ్డెక్కి ఒడిశా దాకా పోయేదాన్ని. కొండల మీద పోడు కోసం తుప్పలు తగలబెట్టే రోజులవి, పొగ లోయల్లోకి దిగి ఎంత దట్టంగా పేరుకునేదంటే మిట్టమధ్యాహ్నం కూడా లారీలన్నీ లైట్లు వేసుకుని నడిచేవి, నాన్న తడి తువ్వాలు నా ముక్కుకు కట్టేవాడు. ఆ వాసన ఇప్పటికీ మరిచిపోలేదు. ఇంకో సంగతి కూడా మా ఊరివాళ్లకే తెలుసు. ఎక్కడైనా లారీ బోల్తా పడిందంటే మావాళ్లు సరుకేమిటని అడగరు, ముందు తలుపు మీద రాసిన ఓనరు పేరు చూస్తారు, జవాబు చెప్పాల్సింది ఆ పేరుగలవాడే కనుక.

పెద్దయ్యాక నేను పట్టుకున్న పని కూడా ఆ పొగదే కావడం విచిత్రం. గాలిలో తేలే పొగ, ధూళి, సముద్రపు ఉప్పు రేణువుల్ని ఏరోసాల్స్ అంటారు. మబ్బులో ప్రతి నీటిబొట్టూ అలాంటి ఒక రేణువును పట్టుకునే పుడుతుంది. రేణువులు మరీ ఎక్కువైతే ఉన్న నీరు అందరికీ పంచినట్టై బొట్లు చిన్నవైపోతాయి, అలాంటి మబ్బు కురుస్తుందా కురవదా అన్నదే మా ప్రశ్న. మన నెత్తిమీదుగా పోయే ఉపగ్రహం పంపిన చిత్రాలు ముందేసుకుని, సాలూరు కొండల మీద పొగ రోజులకూ మబ్బు రోజులకూ పొత్తు వెతకడం నా థీసిస్. కళ్లు పీక్కుపోయేలా లెక్కలు కట్టాను. పొగ ఎక్కువైన రోజున మబ్బులు కూడా ఎక్కువని తేలింది, గైడు గారు ఎగిరి గంతేశారు.

నాకు మాత్రం మనసు ఒప్పలేదు. ఆ నెలల్లో ఆ కొండల మీద అన్ని మబ్బులు నేనెన్నడూ చూడలేదు. ఉపగ్రహం వేడిని కూడా కొలుస్తుంది గనక ఆ చిత్రాలు కూడా తీసి చూశాను. మబ్బు పైభాగం చల్లగా ఉండాలి. ఈ మబ్బులేమో ఎండకు కాలిన బండంత వేడిగా ఉన్నాయి, అంటే కింద కొండ వేడే వాటిగుండా పైకి కనిపిస్తోందన్నమాట. అది మబ్బు కాదు, ఉత్త పొగ! దట్టమైన పొగను కంప్యూటరు మబ్బుల ఖాతాలో వేసేసింది.

పరుగున వెళ్లి చెప్పాను. ఆయన అందరి ముందూ నవ్వి, లారీల ఊరినుంచి వచ్చి నాకు మబ్బుల పాఠాలు చెబుతావా, పొగ కావాలంటే మీ సాలూరు పోయి సైలెన్సరు దగ్గర నిలబడు అన్నారు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు, ఇప్పుడు ఫోన్ చేసిన ఈ అమ్మాయితో సహా. తరవాత నా లెక్కలన్నీ పెట్టుకుని పరిశోధన పత్రం అచ్చు వేయించారు, అనుమానం ఉన్నదానికి పేరెందుకని నా పేరు కొట్టేశారు. థీసిస్ మీద సంతకం పెట్టమంటే రేపు మాపు అని తిప్పి తిప్పి, చివరికి నా చేతే చదువు మాన్పించారు. విజయనగరంలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుని బతికాను, పేరు ముందు డాక్టరన్న మాట లేకుండానే రిటైరయ్యాను.

ఆ పత్రం అచ్చయిన రోజుల్లో ఇంటికొచ్చి ఏడుస్తుంటే నాన్న లారీ బానెట్ తుడుస్తూ అన్నాడు: “ఏటే అమ్మా, పేరు కొట్టేసినాడని ఏడుస్తన్నావా? కొట్టెయ్యనీ. బండికి బ్రేకుల్లేవని నువ్వు ముందే సెప్పేసినావు. రేపు బోల్తా కొడితే తలుపు మీద ఎవుడి పేరుంటే ఆడినే అడుగుతారు. సూస్తుండు.”

చూస్తూ ఉన్నాను. విశాఖలో పెద్ద సదస్సు పెట్టి ఆయన ఆ పత్రం చదివిన రోజు, కాలేజీకి సెలవు పెట్టి మరీ వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. చప్పట్లు ఆగాక లేచి ఒక్కటే అడిగాను, సార్, ఆ మబ్బుల పైభాగం ఎంత వేడిగా ఉంది? ఆయన ముందున్న కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టారు. ముందు వరసలోని పెద్దలు ఆ వేడి కొలిచిన చిత్రాలు తెప్పించి చూశారు, హాల్లో గుసగుసలు మొదలయ్యాయి, చెమట తుడుచుకుంటూ ఆయన, ఆ లెక్కలు నేను కాదండీ, నా విద్యార్థిని చేసింది అనేశారు. ముందు కూర్చున్న ఒక పెద్దాయన పత్రం తిరగేసి, మీ పేరొక్కటే ఉంది కదండీ అన్నారు. అబ్బ, ఆ మాట విన్నప్పటి సుఖం నాకు మళ్లీ ఏ పెళ్లిలోనూ పేరంటంలోనూ దొరకలేదు! తిరుగు బస్సులో విజయనగరం వచ్చేదాకా నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను.

కిందటి నెల సాలూరు మీదుగా ఘాట్ ఎక్కాను. పోడు తగ్గి కొండల మీద జీడితోటలు వచ్చాయి, పగలు ఎవరూ లైట్లు వేయడం లేదు. ఇప్పటి పిల్లలకు పొగనూ మబ్బునూ కంప్యూటరే చాలావరకు విడదీసి ఇస్తుందట. నాన్న లేడు, ఆ లారీ ఏ పాతసామాన్ల కొట్లో కరిగిపోయిందో తెలియదు. గైడు గారి పత్రాన్ని ఎవరూ తలచుకోరు, దానితోపాటు నా వయసులోని మంచి ఏళ్లు కూడా పోయాయి, అదొక్కటే ఇప్పటికీ కడుపు మండిస్తుంది.

రెండు మంచి మాటలు అడిగావు కదమ్మా, రాసుకో. మా గైడు గారు సాలూరు కొండల మీద లేని మబ్బుల్ని కనిపెట్టారు. అందులో ఇంకెవరి పేరూ లేదు, ఆ ఘనతంతా ఆయనదే.