నాయనమ్మ పన్నెండు గంటలు

నాకు సర్కారు ఉద్యోగం దొరికిన ఆ కొత్తలో, కాగితం మీద గీతలు గీసి గడులు నింపితే ఏ పనైనా దానంతట అదే జరిగిపోతుందని నా గట్టి నమ్మకం. (గీతలు ఇప్పటికీ గీస్తాను. నమ్మకం మాత్రం కొంచెం పల్చబడింది.) ఆ ఏటి డైరీ ఇప్పుడు నా ముందుంది. అందులో ఒకే ఒక్క అబద్ధం ఉంది. ఇది దాని సంగతి.

పట్నంలోని మా గౌలిపుర నుంచి ఏటా పది పన్నెండు కుటుంబాలు కలిసి నగరం బయట ఉన్న పాత రాతి చర్చికి నడిచి వెళ్లేవి. పిల్లలు, సద్దిమూటలు, డోలక్, దారంతా పాటలు. మధ్యాహ్నం పన్నెండు గంటల గంట మోగేసరికి నడిచొచ్చినవాళ్లు లోపల మోకరించి ఉంటేనే మొక్కు తీరినట్టని పెద్దల పట్టింపు. నాకు ఉద్యోగం వస్తే అలా నడిచొచ్చి కొవ్వొత్తి వెలిగిస్తానని మా నాయనమ్మ మొక్కుకుంది. ఆమె మోకాలు అప్పటికే మొరాయిస్తోంది. "ఈ యేడు పోకుంటే మల్ల ఈ కాళ్లు నన్ను మొయ్యవు బిడ్డా" అంది. మొక్కు నా కోసం కాబట్టి దారి చూపే బాధ్యత నేనే అడిగి తీసుకున్నాను. దారి తెలిసిన పెద్దాయన ఆ ఏడు జ్వరంతో పడుకున్నాడు. మిగతా వాళ్లమంతా ఏటా ఆయన వీపు చూసుకుంటూ నడిచినవాళ్లమే.

తెల్లవారుజామున ఐదింటికి విజిల్ ఊదాను. ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలో రాసిన కాగితం చూసి మా చిన్నాయన, "ఏందిర ఇది? మనం మనుషులమా, గూడ్సు బండా? ఏడు నిమిషాలల్ల చాయ్ తాగుడెట్ల?" అన్నాడు. నేను వినిపించుకోలేదు. నగరంలో ఉన్నంతసేపూ "గిర్జా కిధర్ హై, భాయ్?" అని ఉర్దూలో చర్చి దారి అడిగితే అందరూ సరిగ్గానే చూపించారు. ఊళ్లు మొదలయ్యాక జనం తెలుగువాళ్లు. తెలుగువాళ్లను తెలుగులోనే కదా అడగాలి! మా ఇళ్లలో చర్చిని గుడి అనే అంటాం. ఆదివారం గుడికి పోయామంటాం. అందుకని పొలంలో ఉన్న ఒకాయనను "పాత రాతి గుడి ఏడుంది బాపు?" అని అడిగాను. "గా గుట్ట ఎన్కకే. సక్కగ పోండ్రి" అన్నాడు. "దారి రూఢి అయింది" అని డైరీలో రాసుకున్నాను, టైంతో సహా.

పదకొండుంబావుకు పాట పాడుకుంటూ గుట్ట తిరిగాం. ఎదురుగా ధ్వజస్తంభం. పాట ఒక్కొక్క గొంతులో ఆగిపోతూ వచ్చింది. చివరికి డోలక్ కూడా ఆగింది. మెట్ల మీద కూర్చున్న పూజారి గారి భార్య లేచి, "భజన మస్తుగుంది, ఆపిండ్రేంది? ఏ ఊరోళ్లు?" అంది.

"పట్నమోళ్లమమ్మా. మాది ఇది కాదు, ఇంకో గుడి" అన్నాడు చిన్నాయన.

"అయ్యో, సిలువ గుడా! గది తూర్పు దిక్కుగదా. మల్ల ఎన్కకు పోవాలె."

చిన్నాయన నా వైపు తిరిగాడు. "రాస్కో దొరా. పదకొండుంబావుకు గుడి చేరినం. ఎవరి గుడో మాత్రం రాయకు."

నాయనమ్మ ఆ మెట్టు మీదే కూలబడింది. మోకాలు వాచిపోయింది. పూజారి గారి భార్య నూనె వెచ్చచేసి తెచ్చి తనే రాసింది, పిల్లలందరికీ మజ్జిగ పోసింది. బండి ఒకటి మాట్లాడదామంటే నాయనమ్మ ససేమిరా అంది. "నేను బండెక్కితే వీని నౌకరి వోతది." (అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అప్పటికి ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాను.)

నేనూ చిన్నాయనా చెరోవైపు చెయ్యి పట్టుకుని నడిపించాం. ఇంకా గుట్ట దాటుతుండగానే పొలాల మీదుగా గంట వినిపించింది. పన్నెండు. నాయనమ్మ ముఖంలోకి చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఆమె ఒక్క క్షణం ఆగి, "ఎవరికో పన్నెండైనట్టుంది. నడువుండ్రి" అంది.

చేరేసరికి రెండూ పది. ప్రార్థన ముగిసి జనం వెళ్లిపోయారు. వాచ్‌మన్ తలుపుకు తాళం వేస్తున్నాడు. బతిమాలితే తీశాడు. నాయనమ్మ కష్టం మీద మోకరించి, కొవ్వొత్తి వెలిగించి, అతని వైపు చూసింది.

"గంట గొట్టు బిడ్డా."

"పన్నెండు ఎప్పుడో అయింది అవ్వా. ఇప్పుడు గొడితే ఊరోళ్లు నన్ను తంతరు."

"గది వాళ్ల పన్నెండు. నా పన్నెండు ఇప్పుడైతున్నది."

అతను ఆమె మోకాలి వైపు చూశాడు. వెళ్లి తాడు అందుకుని పన్నెండు సార్లు లాగాడు. (ఆ ఊళ్లో ఎన్ని గడియారాల ముళ్లు వెనక్కి తిరిగాయో నేను ఆరా తీయలేదు.) పన్నెండో గంట మోగేదాకా నాయనమ్మ కళ్లు తెరవలేదు. తెరిచాక నాతో అంది: "ఇగ రాస్కో. పన్నెండింటికి చేరినం." రాశాను.

ఆమె మాటే నిజమైంది. మరుసటి ఏడు ఆ కాళ్లు ఆమెను మోయలేదు. నా నౌకరీ మాత్రం రిటైర్ అయ్యేదాకా ఎక్కడికీ పోలేదు.

ఈ ఏడు నడకకు దారి చూపింది నా మనవరాలు, ఫోన్ చేతిలో పట్టుకుని. ఎవరినీ ఏ గుడి అని అడగాల్సిన పని లేదు. కానీ ఇప్పుడు మొరాయించేది నా మోకాలు. మూడుచోట్ల కూర్చున్నాను. ఇంకా కిలోమీటరు ఉందనగా గంట వినిపించింది. పిల్ల దిగులుగా వెనక్కి తిరిగి, "తాతా, పన్నెండయిపోయింది" అంది.

"ఎవరికో అయ్యుంటది బిడ్డా. నడువు" అంటూ లేచాను. చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ జేబులో విజిల్ కోసం వెతికింది.