సగినాలి ఎక్కని వాలు

కరాకోల్ పట్టణానికి తూర్పున, కొండల నడుమ ఇరుక్కున్న బొగ్గుగని ఊళ్లో సగినాలి పద్దెనిమిదేళ్లు భూమి కింద పనిచేశాడు. గని మూతపడ్డాక కొన్నాళ్లు గొర్రెలు కాశాడు. ఆ తర్వాత చలికాలంలో మంచు మీద జారడానికి వచ్చే పరదేశీయులకు దారి చూపడం మొదలుపెట్టాడు. గనిలో పైకప్పు కూలే ముందు దాన్ని మోసే దుంగలు కిర్రుమంటాయి. ఆ చప్పుడు విన్నవాడు బతుకుతాడు. కొండ మీదా అతను మాట్లాడేది తక్కువ, వినేది ఎక్కువ.

ఆ ఫిబ్రవరిలో మూడు రోజులు ఏకధాటిగా గాలి వీచింది. నాలుగో రోజు ఆకాశం కడిగినట్టుంది. సగినాలి నలుగురు అతిథులతో ఉత్తరపు వాలు మొదట్లోకి చేరాడు. చెట్లు దాటి నాలుగడుగులు వేశారో లేదో, కాళ్ల కింద మంచు ‘హుమ్’మంటూ కుంగింది. అతను చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. పారతో నడుము లోతు గొయ్యి తవ్వి చూపించాడు. పైన గాలి మోసుకొచ్చి పేర్చిన గట్టి పలక. దాని అడుగున పట్టు లేని, పంచదార పలుకుల్లాంటి మంచు. పైన మెల్లగా తట్టేసరికి పలక జర్రున జారి అతని ఒళ్లో పడింది.

“ఇవాళ పైకి వద్దు. వాలంతా ఇలాగే జారిందంటే మనల్ని పూడ్చేస్తుంది. అడవిలోనే తిరుగుదాం,” అన్నాడు.

“ఇంత దూరం వచ్చింది చెట్లు చూడ్డానికా?” అన్నాడు ఒక అతిథి, మొహం మాడ్చుకుని.

అంతలో సగినాలి చిన్నాన్న కొడుకు తాలాయ్ ముగ్గురిని వెంటేసుకుని వచ్చాడు. అతనిదీ అదే పని.

“ఏంటన్నా, బావి తవ్వుతున్నావా? గనిలో తవ్వింది చాల్లేదా?”

“ఒరే, వాలు బాలేదు. ఎక్కకు.”

“గనితోపాటు నీ గుండె కూడా మూసేసినట్టున్నారు,” అని నవ్వుతూ తాలాయ్ తనవాళ్లను పైకి తీసుకెళ్లాడు.

సగినాలి తన అతిథులను వాలుకు దూరంగా, పెద్ద చెట్ల వెనక నిలబెట్టి పారలు చేతికిచ్చాడు. మంచు జారితే పైవాళ్లను తవ్వి తీయాలనీ, వాళ్లు దిగేదాకా కదిలేది లేదనీ అన్నాడు. గంటసేపు అందరూ చలికి వణికారు. చివరికి పైవాళ్లు కేరింతలు కొడుతూ దిగారు. ఏమీ కాలేదు. సగినాలికి ప్రాణం లేచొచ్చింది. సిగ్గు ఆ తర్వాత పట్టుకుంది, ఊళ్లోకి అడుగుపెట్టాక.

‘గోతుల సగినాలి’ అని పేరు పడింది. మరుసటి వారం అతని అతిథులు తాలాయ్ దగ్గరికి వెళ్లిపోయారు.

“నేనే పొరబడ్డానేమోనే,” అన్నాడు భార్య అనార్‌కాన్‌తో.

ఆమె రొట్టెపిండి పిసుకుతూనే అడిగింది. “దుంగ కిర్రుమంటే బయటికొచ్చేసేవాడివి కదా. ప్రతిసారీ కప్పు కూలిందా?”

“లేదు.”

“మరి బయటికొచ్చినందుకు ఎప్పుడైనా బాధపడ్డావా?”

ఆ పూట అతను కడుపునిండా తిన్నాడు.

మార్చి మొదట్లో ఒక పొద్దున తాలాయ్ వచ్చి, టోపీ కూడా తీయకుండా కూర్చున్నాడు.

“అన్నా, ఆ రోజు సగం దిగాక నా పక్కనే వాలు చీలింది. ఈ చివర్నుంచి ఆ చివరికి గీత పరిగెత్తింది. ఎందుకు ఆగిపోయిందో నాకు తెలీదు. నావాళ్లు చూడలేదు, నేను చెప్పలేదు.”

“కిందికొచ్చి నవ్వావు కదరా.”

“నవ్వకపోతే ఏడ్చేసేవాణ్ణి.”

సగినాలికి ఒళ్లు మండింది. “ఆ ముగ్గురికీ ఇళ్లున్నాయి, పిల్లలున్నారు. వాళ్లకేం చెప్పేవాడివి?”

తాలాయ్ తల దించుకున్నాడు. సగినాలి గిన్నెలో వేడి టీ పోసి అతని ముందుకు జరిపాడు. “తాగు. తాగి పార తీసుకో.”

ఆ రోజు గొయ్యి తాలాయ్ తవ్వాడు. సగినాలి పక్కన నిలబడి ఎక్కడ తట్టాలో, ఎంత గట్టిగా తట్టాలో చెప్పాడు. ఎన్ని దెబ్బలు వేసినా పలక కదల్లేదు.

“ఎక్కొచ్చా అన్నా?”

“ఎక్కొచ్చు. దిగేటప్పుడు మాత్రం ఒక్కొక్కరే. ఒకరు చెట్ల చాటుకు చేరాకే ఇంకొకరు.”

మంచు కరిగేదాకా ఇద్దరి గుంపులూ కలిసే వెళ్లాయి. వారంలో రెండుసార్లయినా గొయ్యి చూసి వెనక్కి తిరిగేవాళ్లు. అతిథులను నొప్పించకుండా ఆ మాట చెప్పే పని తాలాయ్‌ది. అతను మాటకారి.