వడ్లు ఇంట్లోకి వచ్చిన తుఫాను

ఆ రోజు పొద్దున సాన్వి నన్ను నీళ్లు అడిగింది. "అమ్మా" అని ఆగింది. ఊపిరి తీసుకుంది. "నీళ్లు" అంది. మళ్లీ ఆగింది. "తే" అంది.

మూడేళ్ల పిల్ల. నోరు తెరిచిందంటే మూయదు. వాళ్ల నాయనమ్మ "దీని నోట్ల రేడియో ఉన్నదే" అంటుంది. అలాంటిది మూడు మాటలకు మూడుసార్లు ఊపిరి పీల్చుకుంది. గ్లాసు నోటికి అందిస్తే రెండు గుక్కలు కూడా తాగలేక పక్కకు తోసేసింది. బయట తుఫాను వాన. కరెంటు లేదు.

మాది బోధన్‌కు దగ్గర్లో ఒక పల్లె. నేను నిజామాబాద్‌లో పుట్టి పెరిగాను, డిచ్‌పల్లిలో పీజీ చేశాను, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చాను. మా వాళ్లది వ్యవసాయం. వరి, కొంత చెరుకు, కొంత పసుపు. సాన్వికి అంతకుముందు రెండుసార్లు ఆయాసం వచ్చింది. బోధన్‌లో పిల్లల డాక్టరు చూసి, "ఆస్తమా అని ఇప్పుడే పేరు పెట్టొద్దు. వీజింగ్ అంటాం. డస్ట్ పడదు, జాగ్రత్త" అన్నారు. మందును ఆవిరిలా పీల్పించే నెబ్యులైజర్ మిషన్ కొనుక్కోమన్నారు, కొన్నాం. డస్ట్ అంటే నేను రోడ్డు మీది దుమ్మే అనుకున్నాను. పాపను బండి మీద తిప్పడం మానేశాం. అంతటితో జాగ్రత్త పడ్డామనుకున్నాను.

తుఫాను ఆంధ్ర తీరం దాటి మా వైపు వస్తోందని టీవీలో చెప్పినప్పుడు మా ఊళ్లో చాలామంది నవ్వారు. పక్కింటి రాజన్న మా అరుగు మీద కూర్చుని, "గది సముద్రమోల్ల లొల్లి వదినా. మన దాక వచ్చేసరికి తుంపర్లయితయ్" అన్నాడు. మా అత్తమ్మ మాత్రం ఆకాశం చూసి, "నీ టీవీ ఏమో గని, నా మోకాళ్లు గుంజుతున్నయ్ రా. జల్ది వడ్లు లోపటికి తెండ్రి" అంది.

అప్పటికి మా వడ్లు హార్వెస్టర్‌తో కోయించి రోడ్డు పక్కన ఆరబోసి ఉన్నాయి. కొనుగోలు కేంద్రంలో తేమ ఎక్కువుందని కాంటా పెట్టి తూకం వేయలేదు. ఇంకొంచెం ఎండాలి. టార్పాలిన్లు కప్పి వదిలేద్దామంటే అంతకుముందు వానకు కింద నుంచి నీళ్లు పోయి కొన్ని మొలకెత్తాయి. అందుకని మా ఆయన, రాజన్న, అత్తమ్మ కలిసి ట్రాలీతో తెచ్చి ఇంట్లో పోశారు. ముందు హాలు నిండింది. మిగిలినవి మేం పడుకునే అర్రలో పోశారు. మంచం చుట్టూ మోకాలెత్తు వడ్లు.

"ఇగ మంచమంత వడ్లకే ఇయ్యుండ్రి, మనం బయట వానల పందాం" అని మా ఆయన నవ్వాడు.

అందరికంటే ఎక్కువ సంబరపడింది సాన్వి. ఇంట్లోకి ఇసుక కుప్ప వచ్చినట్టే ఉంది దానికి. కాళ్లు పాతిపెట్టుకుంది, పిడికిళ్లతో తలమీద పోసుకుంది. నేను ఫోటో తీశాను. ఆ ఫోటో ఇప్పటికీ ఫోన్‌లో ఉంది. తీసేయలేదు, చూడనూ లేను.

నేను కూడా ఊరికే కూర్చోలేదు. డ్రమ్ముల్లో నీళ్లు నింపాను. ఫోన్లు చార్జ్ చేశాను. పాల ప్యాకెట్లు, బియ్యం, టార్చి, జ్వరం సిరప్, నెబ్యులైజర్‌లో పోసే మందు, అన్నీ చూసుకున్నాను. కరెంటు పోయినా ఇన్వర్టర్ ఉంది, మిషన్ నడుస్తుందనే ధైర్యం. జల్లు కొట్టకుండా కిటికీల సందుల్లో పాత చీరలు కుక్కాను.

రాత్రికి వాన మొదలైంది. అది మాకు తెలిసిన వాన కాదు. పెరట్లో రేకుల షెడ్డు మీద ఎవరో కంకర కుమ్మరిస్తున్నట్టు చప్పుడు. కాసేపటికి కరెంటు పోయింది. మా ఆయన వడ్లు ఆరాలని హాలులో ఒక ఫ్యాన్, మా అర్రలో ఒక ఫ్యాన్ పెట్టాడు, రెండూ ఇన్వర్టర్ మీద. మధ్యమధ్య లేచి కాళ్లతో వడ్లు కలియబెట్టాడు, లేకపోతే లోపల వేడెక్కుతాయని. కలియబెట్టినప్పుడల్లా గింజల మీది సన్నటి నూగు దుమ్ములా లేచింది. టార్చి వెలుతురులో మంచులా కనిపించింది. మాకెవరికీ అది వింతగా అనిపించలేదు. రైతు ఇంట్లో వడ్ల నూగు లేకుండా ఎలా ఉంటుంది?

తెల్లారేసరికి ఇల్లంతా పుల్లటి ముక్కిన వాసన. సాన్వి దగ్గుతోంది. అత్తమ్మ చిప్పలో నిప్పులు తెచ్చి ఊదు వేసింది. పాప ఛాతీకి వెచ్చగా తగలాలని పొగను కొంగుతో దాని వైపు విసిరింది. ఆ తర్వాత కొద్దిసేపటికే పాప నన్ను నీళ్లు అడిగింది.

ఒంటి మీది గౌను పైకెత్తి చూశాను. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల కింద గుంత పడుతోంది. మెడ దగ్గర కూడా. ముక్కుపుటాలు ఎగసిపడుతున్నాయి. నెబ్యులైజర్ తీసి, మందు పోసి, మాస్కు పెట్టి స్విచ్ వేశాను. మిషన్ గుర్రుమంది. ఇన్వర్టర్ కీచుమని అరిచింది. రెండూ ఆగిపోయాయి.

బ్యాటరీ అయిపోయింది. రాత్రంతా వడ్లకు గాలి కొట్టింది కదా.

నేను అరిచిన అరుపుకు మా ఆయన ఫ్యాన్ల వైర్లు పీకేశాడు. అయినా లాభం లేదు. మేడ మెట్ల మీదికి పోతే సిగ్నల్ వచ్చింది. బోధన్ డాక్టరుకు ఫోన్ చేశాను.

"పాప పూర్తి మాట మాట్లాడుతోందా?" అని అడిగారు.

"లేదు సార్."

"పెదాల రంగు చూడండి."

పాలిపోయి ఉన్నాయి. నీలంగా ఉన్నాయా లేదా ఆ మబ్బు వెలుతురులో నాకు తెలియలేదు. అదే చెప్పాను.

"వెంటనే బయల్దేరండి. నా దగ్గరికే రావాలని లేదు. ఆక్సిజన్ ఉన్న ఏ హాస్పిటల్‌కైనా. పడుకోబెట్టకండి, కూర్చోబెట్టి పట్టుకోండి."

రాజన్న కారు తీశాడు. మేం వద్దన్నా వినకుండా అత్తమ్మ కూడా ఎక్కింది. ఊరు దాటగానే చెరుకు తోటలు రోడ్డు మీదికి వంగి పడుకుని ఉన్నాయి. వాటిని తొక్కుకుంటూ వాగు దాకా వెళ్లాం. బోధన్ వెళ్లాలంటే ఆ వాగు దాటాలి. కల్వర్టు కనబడలేదు. ఎర్రటి నీళ్లు దాని మీదుగా పోతున్నాయి. ఒడ్డున గొడుగు కింద నిలబడ్డ మనిషి చెయ్యి అడ్డం పెట్టి, "దిగకండ్రన్నా, పొద్దుగాల ఓ బర్రె కొట్కపోయింది" అని అరిచాడు.

మా ఆయన కారు దిగి ప్యాంటు మడుచుకున్నాడు. నీళ్లెంత లోతున్నాయో చూసొస్తానని పోయాడు. నాలుగడుగులు వేశాడో లేదో మోకాళ్ల దాకా వచ్చాయి. నేను ఆపలేదు. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో దాటితే చాలనే అనుకున్నాను. అత్తమ్మ కారు అద్దం దించి అరిచింది.

"ఓ శ్రీనూ! ఎన్కకు రా! పిల్లను దక్కిచ్చుకుందాం గని, నువ్వు వోతే దానికి బాపెవడ్రా?"

వెనక్కి వచ్చాడు. రాజన్న కారు తిప్పుతూ, "నిజామాబాద్ కొడదాం వదినా, చుట్టు తిరిగైన సరే" అన్నాడు.

ఆ దారిలో పడ్డాక జరిగినదే నన్ను ఇప్పటికీ నిద్ర లేపుతుంది. అప్పటిదాకా సాన్వి ఛాతీలో పిల్లికూత వినిపిస్తోంది. ఒక చోట చెట్టు కొమ్మ అడ్డం పడితే మగవాళ్లు దిగి లాగుతున్నారు. ఇంజను ఆగిన ఆ నిశ్శబ్దంలో చెవి పెట్టి విన్నాను, పిల్లికూత లేదు. పాప తల నా భుజం మీద వాల్చింది. కళ్లు మూతలు పడుతున్నాయి.

"నెమ్మదించింది బిడ్డా, పంటున్నది" అంది అత్తమ్మ.

నాకూ అలాగే అనిపించింది. అయినా ఫోన్‌లో ఒక గీత సిగ్నల్ కనబడితే డాక్టరుకు చేశాను. ఆయన గొంతు మారిపోయింది. "చప్పుడు ఆగిందంటే తగ్గిందని కాదమ్మా. గాలి అసలు కదలట్లేదేమో. నిద్రపోనివ్వకండి. లేపండి."

లేపాను. చెంపలు తట్టాను. చెవులు మెలిపెట్టాను. ఏడవమని బతిమాలాను. "అమ్మను తిట్టవే, కొట్టవే" అన్నాను. కళ్లు తెరిచి చూసింది కానీ నన్ను కాదు. అత్తమ్మ తనకు తెలిసిన దేవుళ్లందరినీ పేరుపేరునా తిడుతోంది, మొక్కడం లేదు. రాజన్న హారన్ మీద చెయ్యి తీయకుండా నడిపాడు.

నిజామాబాద్ హాస్పిటల్‌లో నా చేతుల్లోంచి పాపను లాక్కున్నట్టే తీసుకున్నారు. ఒక డాక్టరమ్మ స్టెతస్కోప్ పెట్టి, "సైలెంట్ చెస్ట్" అంది. వేలికి క్లిప్ పెట్టారు. "శాచురేషన్ ఎనభై నాలుగు." తొంభై అయిదు దాటి ఉండాలట. ఆక్సిజన్, ఒకదాని వెంట ఒకటి నెబ్యులైజేషన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్, తర్వాత మెగ్నీషియం డ్రిప్. సూది గుచ్చినప్పుడు పాప ఏడవలేదు. అంతకంటే భయమేసిన సంగతి నా బతుకులో లేదు.

డాక్టరమ్మ మా దగ్గరికి వచ్చి, "దీనికి రెస్పాండ్ అవ్వకపోతే ట్యూబ్ వేసి వెంటిలేటర్ పెట్టాలి. సంతకం కావాలి" అంది. మా ఆయన పెన్ను పట్టుకున్నాడు కానీ రాయలేకపోయాడు. నేను పెట్టాను.

వెంటిలేటర్ దాకా పోలేదు. చాలాసేపటి తర్వాత నర్సు బయటికి వచ్చి, "మాస్కు పీకేస్తోంది, జర పట్టుకోండి" అని విసుక్కుంది. ఆ విసుగు నాకు వరంలా వినిపించింది.

మరుసటి పొద్దున డాక్టరమ్మ పాప జుట్టులోకి వేళ్లు పోనిచ్చి ఏదో తీసి చూసింది. "ఇదేంటి?"

"వడ్ల నూగు మేడం" అంది అత్తమ్మ. "వానకు తడుస్తయని లోపట వోసినం."

"పాప పడుకునే రూములోనా?"

"అవును" అన్నాను నేను.

"తడి వడ్లు, మూసిన కిటికీలు. బూజు పడుతుంది. కంటికి కనబడదు. పైగా ఫ్యాన్ పెట్టారా? మీరే దాన్ని పాప ముక్కులోకి కొట్టారన్నమాట."

అత్తమ్మ ఎవరూ అడగకుండానే, "నేను ఊదు గూడ ఏసిన మేడం" అంది. అని గోడ వైపు తిరిగింది. కిటికీల్లో చీరలు కుక్కింది నేనే.

డిశ్చార్జి అయ్యాక తప్పు మళ్లీ జరిగింది. వానలు వెలిసి వడ్లు బయటికి పోయాయి, ఇల్లు కడిగామని మా ఆయన చెబితే వెళ్లాం. పాప మంచమెక్కి ఆడింది. సాయంత్రానికి మళ్లీ పిల్లికూత. పరుపు లోపల, అల్మారాల మీద, ఫ్యాను రెక్కల మీద ఆ బూజు దుమ్ము అలాగే ఉంది. ఈసారి నేను ఆగలేదు. మళ్లీ హాస్పిటల్, అక్కణ్నుంచి నిజామాబాద్‌లో మా అమ్మ వాళ్లింటికి. చలికాలమంతా అక్కడే ఉన్నాం. మా ఆయన పరుపు పారేసి, గోడలకు సున్నం కొట్టించి, అప్పుడు మమ్మల్ని తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ ఇన్‌హేలర్, స్పేసర్ రాసింది. స్పేసర్ అంటే మాస్కు ఉన్న ప్లాస్టిక్ గొట్టం, కరెంటు అవసరం లేదు. ఊళ్లో అందరూ "పంపు అలవాటైతే ఇగ ఇడ్వదు" అని భయపెట్టారు. నేనూ భయపడి అడిగాను. "ఊపిరికి అలవాటు పడితే నష్టమేంటమ్మా?" అంది డాక్టరమ్మ.

ఇప్పుడు సాన్వికి నాలుగేళ్లు దాటాయి. అంగన్‌వాడీకి పోతోంది. పొద్దున, సాయంత్రం మందు పీలుస్తుంది. రేడియో మళ్లీ మోగుతోంది. నాకు మాత్రం భయం పోలేదు. ఇది రాస్తూ కూడా మధ్యలో లేచి దాని ఛాతీ మీద చెయ్యి పెట్టి వచ్చాను. వాన చప్పుడు గట్టిగా ఉన్న రాత్రి దాని ఊపిరి చప్పుడు వినబడదు. అందుకని చెయ్యి తీయను.

ఈ ఏడు కోతలప్పుడు మళ్లీ తుఫాను అన్నారు. మళ్లీ వడ్లు రోడ్డు మీదే ఉన్నాయి. రాజన్న మొదటి గోనె భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు. హాలులో దించి, రెండోది మా అర్ర వైపు తెస్తుంటే అత్తమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"హాల్ల గూడ వద్దు, అది గూడ బయటికి తియ్యి" అంది.

"మొలకలొస్తయ్ పెద్దమ్మా!"

"రానియ్. గవి ఈ ఏడు వోతే వచ్చే ఏడు మల్ల పండుతయ్."

షెడ్డులో పోశాం. కొన్ని మొలకెత్తాయి. మా ఆయన వాటిని చూశాడు. లోపలికి వచ్చి పాప పక్కన కూర్చున్నాడు.

నాలాంటి తల్లులకు చెప్పేది ఒక్కటే. తుఫాను వస్తుందని తెలిస్తే వడ్లు, పసుపు, తునికాకు, ఏవైనా ఇంట్లోకి తేవాలనే మనకు తోస్తుంది. అంతకంటే ముందు పిల్ల పడుకునే గది ఏదో తేల్చుకోండి. అందులోకి ఒక్క గింజ కూడా రానివ్వకండి, పొగ వేయనివ్వకండి. ఎవరు ఏమన్నా సరే, ఆ గుమ్మంలో మీరు కూర్చోండి.