పెన్నులు కింద పెట్టించిన మేడం

మా హైస్కూల్లో బి సెక్షన్‌కి ఇంగ్లీషు చెప్పే మేడంగారు పోయారని టీచర్ల వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది. ఏలూరు ఆసుపత్రిలో వారం రోజులున్నారు. ఆదివారం వెళ్ళి చూద్దామనుకున్నాను, ఆమె శుక్రవారమే వెళ్ళిపోయారు. తాడేపల్లిగూడెంలో భూస్థాపనకి ఎంతమంది పిల్లలు వచ్చారో చూసి, అక్కడ నిలబడి కూడా నేను అసూయపడ్డాను. సిగ్గుపడుతూనే ఈ మాట రాస్తున్నాను.

ఎ సెక్షన్ నాది. ఇద్దరిదీ ఒకే పుస్తకం, మధ్యలో ఒక గోడ. నా పిల్లలు తప్పుల్లేకుండా రాసేవారు, కానీ ఎవరైనా ఇంగ్లీషులో పలకరిస్తే నా మొహం చూసేవారు. ఆమె పిల్లలు విని జవాబు చెప్పేవారు. ఆరేళ్ళు కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

పాఠం వినిపించే రోజు ఆమె క్లాసులో ఉండేవారు కాదు. వరండాలోకి వెళ్ళి, కిటికీకి వీపు తిప్పి నిలబడి చదివేవారు. పిల్లలు పెదాలు చూసి ఊహించకూడదట. మొదటిసారి వినేటప్పుడు పెన్నులన్నీ బల్లల మీద ఉండాలి. రెండోసారి విన్నాకే రాయాలి. కొన్ని పాఠాలు ముందే చదివి ఫోన్లో రికార్డు చేసి ఉంచుకునేవారు. సొంతూరు నుంచి వచ్చేటప్పుడు తాడేపల్లిగూడెం స్టేషన్లో రైళ్ళ ప్రకటనలు కూడా ఫోన్లో రికార్డు చేసుకొచ్చేవారు.

మాది కలిదిండి వైపు బడి. గోడ దాటితే చేపల చెరువులు, పొద్దస్తమానం చేపలకి గాలి అందేలా నీళ్ళు చిలికే ఏరియేటర్ల మోత. "ఈ మోతలో ఏం వింటారండీ?" అన్నానొకసారి.

"మోతలోనే వినాలండీ. రేపు వీళ్ళతో మాట్లాడేవాళ్ళు చెరువులు ఆపించి మాట్లాడతారా ఏవిటి?" అన్నారు నవ్వుతూ.

ఆమెకు అన్నిటికీ జవాబుండటం నాకు మరీ కడుపుమంట.

ఒక ఏడాది ఒక అధికారి లిజనింగ్ టెస్ట్ పెట్టడానికి వచ్చారు. నేను పాత పాఠానికి జవాబులు ముందే బట్టీ పట్టించి ఉంచాను. ఆయన కాగితం విప్పేలోగానే నా పిల్లలు జవాబులన్నీ రాసేసి చేతులు కట్టుకుని కూర్చున్నారు. తీరా ఆయన చదివింది వేరే పాఠం. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు బి సెక్షన్ మేడం గుమ్మంలోంచి, "పిల్లలు కంగారుపడ్డారండీ సార్. పెన్నులు కింద పెట్టించి ఇంకోసారి చదవండి" అన్నారు. ఈసారి సగం మంది సరిగ్గానే రాశారు. నన్ను కాపాడినందుకు ఆమె మీద ఇంకా ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రం ముదినేపల్లి బస్సులో నా పక్కనే కూర్చున్నారు.

"ఏవండీ, మీరు కూడా పాఠాలు చదివి రికార్డు చేసివ్వరా? మా పిల్లలు నా గొంతుకి అలవాటు పడిపోయారండీ. ఒక్క గొంతే అర్థమైతే వినడం వచ్చినట్టు కాదు."

జలుబు చేసిందన్నాను. ఆ జలుబు మూడేళ్ళు తగ్గలేదు. నిజానికి నా ఉచ్చారణలో తప్పులు ఆమె పిల్లలు పట్టేస్తారని నా భయం.

ఇప్పుడు రెండు సెక్షన్లూ నావే. మొన్న బి సెక్షన్లో ఆమె రికార్డింగు ఒకటి స్పీకర్లో పెట్టాను. ఆమె గొంతు, వెనకాల ఏరియేటర్ల మోత. నేను చెప్పకుండానే పిల్లలు పెన్నులు కింద పెట్టారు. ఒకసారి చదవడం పూర్తయింది. "రెండోసారి ఎ సెక్షన్ మేడంగారు చదువుతారు" అంది ఆ గొంతు. తర్వాత ఉత్త మోతే. పాడైందేమోనని స్పీకరు కట్టేయబోయాను.

"పాడవలేదండీ మేడం" అంది ముందు బెంచీ అమ్మాయి. "అన్నిట్లోనూ ఇలాగే ఉంటాదండీ. మీ జలుబు తగ్గాక చదువుతారని చెప్పేవారండీ. అందాకా ఆవిడే వరండాలోకెళ్ళి రెండోసారి చదివేవారు."

అసూయ పోయిందని అబద్ధమాడను. మూడేళ్ళపాటు ఇంకొకరికి చోటు వదిలిపెట్టే మనసు ఆమెకే ఎందుకుండాలని ఇప్పుడు ఇంకా కుళ్ళుకుంటున్నాను.

పుస్తకం తీసుకుని వరండాలోకి వెళ్ళాను. కిటికీకి వీపు తిప్పి నిలబడ్డాను. ఎదురుగా చెరువులో ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. లోపల ఒక్క పెన్నూ కదల్లేదు. గొంతు సవరించుకున్నాను.